వెనక అర్ర తాళంచెవి

కొత్తవాళ్లు నవ్వుతూ పలకరిస్తే సోమ్లీకి ముందు అనుమానం పుడుతుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. భూపాలపల్లి దిక్కు ఆమె పుట్టిన తండాకు కూడా కొందరు ఇలాగే నవ్వుతూ వచ్చారు, గొలుసులు పట్టి నేల కొలిచారు. ఏడాది తిరక్కుండానే ఆ చేలన్నీ బొగ్గు గని కింద పోయాయి. అప్పటి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచే మనిషి కనిపిస్తే చాలు, ఆమె గుండె గుబేలుమంటుంది.

ఇప్పుడు ఆమెకున్నదల్లా పెద్దవంగర అవతల, కోట లాంటి దొరల పాత గడీ వెనక ఎకరం మిరపచేను. దొరలు ఊరు విడిచి పట్నం పోయినప్పుడు ఆమె అత్త దున్నుకున్న నేల అది. అప్పటి నుంచి సాగులో ఉన్నా చేతిలో కాగితం ముక్క లేదు. ఆ గడీకే దొర మనవడు జగపతి సున్నం కొట్టించి హోటల్ పెట్టాడు. సోమ్లీ అందులో ఊడ్చే పనికి కుదిరింది. జీతం కోసం కొంత, తన చేను మీద ఎవరి కన్ను పడుతుందో కనిపెట్టడానికి కొంత.

రెండు వేల తొమ్మిది డిసెంబరు అది. ఇస్తామన్న తెలంగాణ మళ్లీ వెనక్కి పోతోందని ఊళ్లన్నీ రోడ్డెక్కాయి. బందుకూ బందుకూ మధ్య సందు చూసుకుని, క్రిస్మస్ సెలవులంటూ హైదరాబాద్ నుంచి మూడు కార్లు వచ్చి గడీ ముందు ఆగాయి. సింహద్వారానికి కాగితం నక్షత్రం వేలాడదీశారు. దొరలు విస్తళ్లు వేయించుకున్న హాల్లో కేకు కోయడానికి బల్ల వేశారు. ఊరంతా మండుతుంటే పాత గోడలు చూడటానికి వచ్చారట! నమ్మడానికి తనేమైనా పాలు తాగే పిల్లా అనుకుంది సోమ్లీ.

అందరిలోకీ ఆమెకు కనకలక్ష్మి మీద గురి కుదరలేదు. అరవై దాటిన మనిషి, పట్టుచీర, కళ్లద్దాలు, వెంట ఇంజనీరు కొడుకు వరుణ్. మిగతావాళ్లంతా బూట్లు టకటకలాడించుకుంటూ సింహద్వారంలోంచి పోతే, ఈమె మాత్రం అక్కడే చెప్పులు విడిచి చేత పట్టుకుని, గోడ వారగా నడిచి వెనక దర్వాజకు వచ్చింది. చప్పుడు కాకుండా! దొంగ నడక కాకపోతే మరేమిటి?

పండుగ రోజు పొద్దున ఇంకా ఘోరం జరిగింది. చేదబావి దగ్గర నిలబడి, పెదాలు కదుపుతూ కనకలక్ష్మి అడుగులు వేసింది. ఒకటి, రెండు, మూడు... నలభై. సరిగ్గా మిరపచేను అంచున, గడీ వెనక గదుల్లో అన్నీ కూలిపోగా మిగిలిన ఒకే ఒక్క అర్ర ముందు ఆగింది. సోమ్లీ ఎండుమిర్చి, విత్తనాలు దాచుకునేది అందులోనే.

“ఈ గది ఒక్కసారి తీస్తావా అమ్మా?”

“తాళంచెవి నా తాన లేదు. జగపతి సారు తాన ఉన్నది,” అంది సోమ్లీ, నడుముకు వేలాడుతున్న చెవిని కొంగుతో కప్పుకుంటూ.

“ఆయన ఊళ్లో లేరన్నారు.”

“అయితే నేనేం జెయ్యాలె?”

కనకలక్ష్మి తలుపు మీద చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది. సోమ్లీకి గెలిచినట్టే అనిపించింది.

సాయంత్రం తండాలో అన్నం తింటూ మొగుడు తావుర్యాకు అంతా చెప్పింది. “గిది పక్కా కొలతలే. ముసలామెను ముందువెట్టి కొడుకు నక్ష గీస్తడు. హోటల్ పెంచనీకి మన చేనే దొరికింది.”

తావుర్యా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. “చెప్పులు చేత వట్టుకున్నదంటివి. యాడ?”

“సింహద్వారం కాడ.”

“మా అవ్వ అట్లనే నడుస్తుండె. గడీ ముంగట చెప్పులేసుకుంటే తోలు దీసెటోళ్లు. పట్నపోళ్లకు గా సంగతి ఎట్ల ఎర్క? వెనక అర్రలల్ల ఆడబాపలుంటుండె, దొరసాని పెండ్లికి సామాన్లతోటి అరణమిచ్చిన ఆడపిల్లలు. గామె వాళ్ల బిడ్డ గావచ్చు.”

సోమ్లీ నడుముకున్న తాళంచెవిని తడుముకుంది. ఛీ, ఎంత పని చేశాను అనుకుంది. తెల్లారి గడీకి పోయేసరికి కార్లు కదిలిపోయాయి. ఆమె చీపురు అక్కడే పడేసి రోడ్డు వైపు పరుగెత్తింది. ఊరి చివర జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తూ కార్లను ఆపేశారు. ఉద్యమం ఆమెకు చేసిన మొదటి మేలు అదే. రొప్పుతూ పోయి కనకలక్ష్మి కూర్చున్న కారు కిటికీలోంచి తాళంచెవి ఉన్న చెయ్యి చాచింది.

“తప్పైందక్కా. చెవి నా నడుముకే ఉండె. నా చేను కొలుస్తున్నవనుకున్న.”

కనకలక్ష్మి కళ్లద్దాలు సర్దుకుని తాళంచెవి వంక చూసింది. మాట్లాడేసరికి ఆమె మాటలోని పట్నం ఎటో పోయింది.

“మా అవ్వ జెప్పిన గుర్తు చెల్లె. బాయి కాడికెల్లి నలభై అడుగులు. నన్ను గన్నది గా అర్రలనే. తాళమెవరు వెట్టిండ్రు, దొరలా?”

“కాదక్కా, నేనే. నా మిరపకాయలకు. రా, తీసి సూపిస్త.”

“మా అవ్వ ఉన్నన్ని దినాలు గా తలుపుకు లోపట గొళ్లెం సుత లేకుండె. దొర ఎప్పుడొస్తే అప్పుడు తెరిచుండాలె.” ఆమె చెయ్యి చాచి, తాళంచెవి మీదుగా సోమ్లీ గుప్పిట మూసింది. “ఎవ్వలడిగినా తియ్యకు.”