మసక వెలుగులో చెడుగుడు బొమ్మలు

పాప నిద్రపోయింది. మూటలు కట్టడం అయింది. ఎల్లుండి ఉప్పు పడవలో రాజమండ్రి ప్రయాణం. నిద్ర పట్టక, ఈ ప్రయాణం ఎలా కుదిరిందో రాసుకుంటే మనసు కాస్త కుదుటపడుతుందని దీపం దగ్గర కూర్చున్నాను.

మా వారిది సంస్థానం అడవి కచేరీలో ఉద్యోగం. శబరి ఒడ్డున కోంటాలో మా కాపురం. వానలు వెనకబట్టే రోజుల్లో పాపకు జ్వరం వచ్చింది. ఆరేళ్ళ పిల్ల, మంచం దిగలేకపోయింది. తర్వాత జ్వరం పోయింది, తిండి తిన్నది, ఆటలకు వెళ్ళింది. అప్పుడు నాకు అనిపించింది, పరుగులో ఎడమకాలు కొంచెం వెనకబడుతోందని. కొంచెమే. నిజంగా చూశానో, ఊహించుకున్నానో తెలియనంత.

"జ్వరం పడి లేచిన పిల్ల తూలదా? చదువుకున్నదానివి, లేనిపోని భయాలన్నీ నీకే," అన్నారు మా వారు. నడిపించి చూపిద్దామని పాపను పిలిస్తే మా ఎదుట చక్కగా నడిచేది. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, ఒళ్ళు దగ్గర పెట్టుకునేది. నా మాట తేలిపోయేది.

నేను అడిగింది ఒకటే. నదిలో నీళ్ళు తగ్గి పడవలు ఆగిపోయేలోగా మా పుట్టింటికి పోయి, రాజమండ్రిలో పెద్ద డాక్టరుకు చూపిద్దామని. ఉత్త అనుమానం మీద పిల్లను అంత దూరం తిప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. సుక్మా మీదుగా జగదల్‌పూర్ ఆసుపత్రికి ఎడ్లబండిలో పోవడమా, అది ఇంకా కష్టం.

అప్పుడు పెట్టె అడుగున ఉన్న కెమెరా గుర్తొచ్చింది. కాలేజీలో చదివేటప్పుడు మా అన్నయ్య కొనిచ్చిన మడత కెమెరా. పరుగెత్తే కాలిని అందులో పట్టుకుంటే ఆయనకు చూపించవచ్చు కదా అనుకున్నాను.

ఎండలో తీస్తే తేలిగ్గా పడుతుందని, ఒక మధ్యాహ్నం పెరట్లో పాపను పరుగెత్తమన్నాను. కెమెరా కనబడగానే చేతులు పక్కకు ఆనించి గుంజలా నిలబడింది. దారిన పోయే పిల్లలు కూడా వచ్చి పక్కన వరసగా నిలబడి ఊపిరి బిగబట్టారు. జాతరకు వచ్చే ఫోటో అతను, కదిలితే బొమ్మలో తలకాయ పడదని బెదిరించి పోయాడట. ఎంత బతిమాలినా ఒక్కరూ కాలు కదపలేదు.

ఇక మిగిలింది సాయంత్రం ఆటే. పశువులను ఇళ్ళకు తోలి వచ్చాక, పిల్లలు కచేరీ వెనక ఇసుకలో గీత గీసి చెడుగుడు ఆడతారు. ఆటలో పడితే కెమెరా సంగతి మరిచిపోతారు. కానీ అప్పటికి పొద్దు చెట్ల వెనక్కి దిగిపోతుంది. మా ఫిల్ముకు అసలే వెలుతురు ఎక్కువ కావాలి. షట్టరు వేగంగా మూసుకుంటే బొమ్మ నల్లబడిపోతుంది, నిదానంగా మూసుకుంటే పరుగెత్తే పిల్ల పొగలా చెదిరిపోతుంది. ఈ రెండింటి మధ్య చిక్కుకుని, లెన్సు పూర్తిగా తెరిచి, కచేరీ వెనక అరుగు స్తంభానికి మోచేతులు ఆనించి రోజూ కూర్చునేదాన్ని.

"పొద్దు గూకినంక ఏం బొమ్మలు పడ్తయమ్మగారూ? గబ్బిలాలు పడ్తయి!" అని మా పనిమనిషి నవ్వేది.

చూడగా చూడగా కొన్ని తెలిసొచ్చాయి. అడ్డంగా పరుగెత్తే పిల్ల కన్నా ఎదురుగా వచ్చే పిల్ల తక్కువ చెదురుతుంది. పిల్లతో పాటు కెమెరానూ మెల్లగా తిప్పితే ముఖమన్నా నిలుస్తుంది. అన్నిటికన్నా మంచి అదను, కూతకు వెళ్ళిన పిల్ల చివరిదాకా పోయి వెనక్కి తిరిగే క్షణం. ఒంటికాలి మీద ఒళ్ళంతా అక్కడ ఒక్కసారి ఆగుతుంది. ఆ క్షణం కోసం నేనూ కూత పెట్టినట్టే ఊపిరి బిగబట్టేదాన్ని.

ఒకనాడు పాప కూతకు వెళ్ళి, గీతకు చేరేలోపలే దొరికిపోయింది.

"పట్టుర్రి, పట్టుర్రి! కాలు ఇడ్వకుర్రి!" అని గోల. పైకి లేస్తుంటే పెద్దపిల్ల ఒకతె, "ఏందే కచేరి పిల్లా, కాలికి బంక అంటిందా? ఉరకవేంది?" అన్నది.

"నీ మూతికి అంటింది బంక!" అన్నది మా పాప.

అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయి షట్టరు నొక్కడం మరిచాను. ఆ పిల్ల కంటికీ కనబడిందన్నమాట.

ఫిల్ము రోలు అయిపోయింది. బొమ్మలు కడిగించి తెమ్మని, పడవలో వెళ్ళే షావుకారుకు ఇచ్చి రాజమండ్రి పంపాను. బొమ్మలు తిరిగొచ్చేలోపు రోజూ ఒడ్డుకు పోయి, నీళ్ళు ఏ రాయిదాకా దిగాయో చూసి వచ్చేదాన్ని.

మొన్న వచ్చాయి. కవరు ఆయనే విప్పారు. పైన ఉన్నది నేను కోరుకున్న బొమ్మే. పాప సరిగ్గా తిరిగే క్షణం. జడ గాలిలో ఉంది, పళ్ళు కనబడుతున్నాయి, కుడికాలి మీద నిలబడి ఎక్కడా చెదరకుండా పడింది. అంత మసకలో అంత తేటగా తీసినందుకు ఒక్క నిమిషం నాకే గర్వం వేసింది.

"ఇదిగో, బంగారంలా ఉంది పిల్ల. ఇదేనా నీ భయం?" అన్నారాయన. ఇంత పాటుపడి నా మాట నేనే అబద్ధం చేసుకున్నాననిపించింది.

ఆయన హుషారుగా మిగతావి తిప్పుతున్నారు. అవన్నీ చెదిరినవే.

"ఇవేమిటే, దయ్యాలను తీశావా? ముఖం లేదు, చేతులు లేవు... ఈ ఎడమకాలొక్కటే బాగా వచ్చింది. ఇందులోనూ అదే. ఇందులోనూ..."

ఆయన బొమ్మలన్నీ చాప మీద పరిచారు. నేనూ వంగి చూశాను. పరుగులో నేల మీద ఉన్న కాలు తేటగా పడడం మామూలే. పక్క పిల్లలకు ఒక బొమ్మలో కుడికాలు, ఇంకో బొమ్మలో ఎడమకాలు తేటగా ఉన్నాయి. మా పాపకు మాత్రం చెదిరిన ప్రతి బొమ్మలోనూ ఎడమకాలే. ఒళ్ళంతా పొగలా ముందుకు పోతుంటే, ఆ కాలు వేళ్ళు ఇసుకలో ఈడుస్తూ వెనకే ఉండిపోయింది. చెరిపేద్దామని నేను ఇన్నాళ్ళు పోరాడిన మసకే దాన్ని చూపించింది.

ఆయన చొక్కా తొడుక్కుని ఒడ్డుకు వెళ్ళి, పడవవాళ్ళతో మాట్లాడి వచ్చారు. "నేనూ వస్తాను. సెలవు అడుగుతాను," అన్నారు. నన్నే నమ్మి ఉంటే బాగుండేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఇవాళ మూట కడుతుంటే పాప బొమ్మలు చూసింది.

"నేను కదిలినందుకేగా ఇవి పాడయ్యాయి? డాక్టరు గారి దగ్గర అస్సలు కదలనులే అమ్మా. ఆయన చూస్తుంటే మంచిగా నడుస్తాను."

నాకున్న భయం అదే. అక్కడా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నాలుగడుగులు చక్కగా వేసి చూపిస్తుంది. డాక్టరూ ఏమీ లేదనవచ్చు.

"వద్దమ్మా. ఇక్కడ ఆడినట్టే పరుగెత్తు."

"ఎవరితో? డాక్టరు గారు చెడుగుడు ఆడతారా?"

అన్నయ్య పిల్లలు ఉన్నారుగా అన్నాను. వాళ్ళను కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి, ఎలాగో ఇంకా తెలియదు. తేటగా వచ్చిన బొమ్మను అద్దం వెనక దాచి, చెదిరిన వాటినే గుడ్డలో చుట్టి మూటలో పైన పెట్టాను.