ఓడతో తెలుగులో మాట్లాడిన రోజు

మొన్న షార్జాలోని రోలాలో, మా బిల్డింగు కింద లిఫ్టు కోసం నిలబడి ఉండగా వాచ్‌మన్ చేతిలోని వాకీటాకీ గరగరమంది. అవతలి మనిషి బటన్ వదిలిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత నిశ్శబ్దం. లిఫ్టు వచ్చి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఆ నిశ్శబ్దంలోంచి ఎవరో మాట్లాడతారని చూస్తూ అక్కడే ఉండిపోయాను. నాకు ఆ అలవాటు చేసిన మనిషి ఖైరున్నీసా మేడమ్.

కరోనా వచ్చిన ఏడాది నేను దుబాయ్‌లో, జెబెల్ అలీ రేవు దగ్గరి ఒక సముద్ర పరిశోధన సంస్థలో చేరాను. మామూలుగా అయితే మా ఓడలో అరడజను మంది శాస్త్రవేత్తలు వెళ్ళేవాళ్ళట. ఆ ఏడాది సిబ్బంది కాక ఒక్కరికే అనుమతి దొరికింది. ఆ ఒక్కడు సుధాకర్, శ్రీకాకుళం కుర్రాడు. మిగతా వాళ్ళమంతా కిటికీల్లేని ఒక గదిలో, ముఖాలకు మాస్కులతో, దూరదూరంగా కూర్చుని శాటిలైట్ లైన్లో అతనికి పని చెప్పేవాళ్ళం. మా మాట ఓడకు చేరి జవాబు తిరిగి రావడానికి కొంత సమయం పట్టేది. ఆ లైన్ బాధ్యత మేడమ్‌ది. ఆమెది నెల్లూరు. సముద్రపు నీటిలో ఆక్సిజన్ ఎలా తగ్గుతోందో చాలా ఏళ్ళుగా పరిశీలిస్తున్నారు. తలమీది ముసుగు పైనుంచి హెడ్‌సెట్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని వినేవారు. మొదట్లో నిద్రపోతున్నారేమో అనుకున్నాను.

లైన్లో నా మొదటి రోజున సుధాకర్‌ని ఒక ప్రశ్న అడిగాను. జవాబు రాకపోయేసరికి మళ్ళీ అడిగాను. అప్పటికే బయల్దేరిన అతని జవాబు, నా రెండో ప్రశ్న ఒకదాని మీద ఒకటి పడి ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. మేడమ్ మైకు ఆపి నా వైపు తిరిగారు.

"ఏమ్మా, అంత తొందరేంది? నీ మాట ఆకాశం దాకా పోయి ఓడ మీద దిగొద్దా? ఆ పిల్లోడు వినొద్దా, ఆలోచించొద్దా?"

"వినబడలేదేమో అనుకున్నానండీ."

"వినబడకపోతే వాడే అడగతాడు. నువ్వు గమ్ముగా ఉండు."

ఇంకో రోజు సుధాకర్, నేను పని మధ్యలో "తిన్నారా?" అంటే "తిన్నానండీ" అనుకున్నాం. ఆవిడ ఊరుకోలేదు. ఆ లైనును ఓడ మీద కెప్టెన్ వింటాడు, ఇక్కడ మా ముదీర్, అంటే మా మేనేజరు, వింటాడు, ఇద్దరికీ అర్థం కాని మాట అందులో ఉండకూడదన్నారు. ఇంగ్లీషు తప్ప మరో భాష వద్దన్నారు. అప్పుడు నాకది అతిగానే అనిపించింది. సాయంత్రం షార్జా దాకా తన కారులో దింపేటప్పుడు మాత్రం దారంతా నెల్లూరు యాసలో కబుర్లు చెప్పారు.

ఆ చలికాలంలో ఒక పరికరాన్ని పైకి తీయాల్సి వచ్చింది. ఒమన్ వైపు సముద్రంలో ఏడాదిగా అడుగున ఉండి, నీటిలోని ఆక్సిజన్‌ను నమోదు చేస్తున్న పరికరమది. మేడమ్ పట్టుబట్టి తెప్పించుకున్నది. సంకేతం పంపగానే లంగరు వదిలించుకుని పైకి తేలింది. ఇక డెక్ మీది మనుషులు కొక్కెం తగిలించి ఎత్తాలి. ఈలోగా గాలి లేచింది. మొదటిసారి కొక్కెం తప్పింది. రెండోసారీ తప్పింది. వదిలేస్తే అది కొట్టుకుపోతుంది, ఏడాది పని పోతుంది. మీరు కావాలంటే ఇంకోసారి ప్రయత్నిస్తామని కెప్టెన్ అన్నాడు. "కానివ్వండి" అన్నాడు ముదీర్ తన గదిలోంచి. డెక్ మీద పరిస్థితి ఏమిటని మేడమ్ ఇంగ్లీషులో అడిగారు.

"బాగానే ఉంది మేడమ్, చేయగలం" అన్నాడు సుధాకర్.

నాకు అందులో తేడా ఏమీ తెలియలేదు. ఆవిడ కళ్ళు తెరిచారు. తర్వాత ఆ లైన్లో, అందరూ వింటుండగా, తెలుగులో అడిగారు.

"అబ్బయా, నిజం చెప్పు. ఆడ ఎట్టుండాది?"

అంత ఆలస్యంగా వచ్చిన జవాబు నేను మరొకటి వినలేదు.

"నిలబడ్డానికి అవట్లేదు మేడమ్. ఇందాక ఒకతను జారి రెయిలింగు దాకా వెళ్ళిపోయాడు. పక్కవాడు పట్టుకున్నాడు. సార్ లైన్లో ఉన్నారని చెప్పలేకపోయాను."

"సరే నాయనా. నువ్వు లోపలికి పో."

వెంటనే ఇంగ్లీషులోకి మారి, పని ఆపేయండి, పరికరాన్ని వదిలేయండి, ఈ నిర్ణయం నాది అని కెప్టెన్‌కు చెప్పారు. కెప్టెన్ ఆ మాటనే తిరిగి చెప్పి ఖాయం చేసుకున్నాడు. ఓడ కెమెరాలో పరికరానికి కట్టిన పసుపురంగు తేలే బంతులు అలల మధ్య కాసేపు కనిపించి, తర్వాత కనిపించలేదు. మేడమ్ హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టి, "ఖలాస్" అన్నారు. లేచి వెళ్ళి తనకో కప్పు, నాకో కప్పు టీ తెచ్చారు.

మర్నాడు సమావేశం. ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది కాబట్టి లైను తెరిచే ఉంచారు. నియమం పెట్టిన మనిషే ఎందుకు తప్పిందని ముదీర్ అడిగాడు. "తప్పాను, బాధ్యత నాదే" అన్నారు మేడమ్. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. అప్పుడతను నా వైపు తిరిగి, వాళ్ళేం మాట్లాడుకున్నారో నువ్వు చెప్పు అన్నాడు. ఆ గదిలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. చెబితే సుధాకర్ ముందు రోజు పైవాళ్ళకు అబద్ధం చెప్పినట్టవుతుంది, పైగా అతని కాంట్రాక్టు ఆ నెలలోనే ముగుస్తోంది. చెప్పకపోతే ఆవిడ ఊరికే ఓ పరికరాన్ని పారేసినట్టవుతుంది. మేడమ్‌ను చూశాను. ఆవిడ బల్లమీది స్పీకరు వైపు చూస్తున్నారు. నేనూ అటే చూస్తూ ఊరుకున్నాను. ఎవరో దగ్గారు. ముదీర్ మళ్ళీ అడగబోతుండగా స్పీకరు పలికింది.

"సార్, నేను సుధాకర్‌ని. నేను చెబుతాను."

అంతా చెప్పాడు, జారిన మనిషి పేరుతో సహా. నిన్న ఇంగ్లీషులో అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదని ముదీర్ అడిగాడు. "మీరు కానివ్వండి అన్నాక వద్దనడం నాకు చేతకాలేదు సార్" అన్నాడు. ఆ తర్వాత సమావేశం ఎక్కువసేపు సాగలేదు.

ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. సుధాకర్ కాంట్రాక్టు పొడిగించారు. ఓడ మీదివాళ్ళు వద్దంటే కారణం అడక్కుండా పని ఆపాలని ఆ తర్వాత కొత్త నియమం వచ్చింది. లైన్ బాధ్యతను మాత్రం మేడమ్ నుంచి తీసేశారు. పరికరం పోయింది కాబట్టి ఆవిడ పరిశోధనకు మళ్ళీ డబ్బు రాలేదు. మరుసటి ఏడాది మస్కట్‌లో ఒక కాలేజీలో చేరారు. వెళ్ళే ముందు ఒకసారి కారులో అడిగాను, అతని గొంతులో మీకేం వినిపించిందని.

"ఏమీ వినిపించలా. మూడు వారాలుగా వాడు ఏది చెప్పినా ముందు 'ఆఁ' అని ఒక్క చణం ఆలోచించి చెప్తాడు. ఆరోజు ఆలోచించకుండా చెప్పినాడు. అంతే."

ఇప్పుడు ఆ లైన్ ముందు, మేడమ్ కుర్చీలో నేనున్నాను. ఓడ మీద ఒక మలయాళీ అమ్మాయి ఉంటోంది. ఆమె కోసం మా క్యాంటీన్ వాళ్ళ దగ్గర కొన్ని మలయాళం మాటలు నేర్చుకున్నాను. ఉచ్చారణకు ఆమె నవ్వుతుంది. పోయిన నెల నీటి నమూనాలు తీసే వేళకు అల పెరిగింది. బాగానే ఉందంది ఇంగ్లీషులో. నేను వాళ్ళ భాషలో మళ్ళీ అడిగాను. కాసేపటికి, "వేండా చేచీ" అంది, వద్దక్కా అని. పని ఆపమన్నాను. పైనుంచి ఫోన్ వచ్చింది, ఎందుకు ఆపావని.

"ఓడ మీద వాళ్ళు వద్దన్నారు సార్" అన్నాను.

అటువైపు కొంతసేపు మాట లేదు. నేను కూడా ఏమీ కలపలేదు. ఆయన "సరే" అని పెట్టేశాడు.