సున్నం బొట్టు

“వానాకాలం దాటాక మా ఇద్దరిలో ఒకర్నే ఉంచుతారట. ఆ ఒకరు నేను కాకపోతే బుజ్జిని ఎలా పెంచుతాం?”

లావణ్య భర్త లోహిత్‌తో ఈ మాట అన్నది రోబోలకు భయపడి కాదు. అనకాపల్లి బైపాస్ పక్కనున్న బెల్లం గోదాంలో, తాబేళ్లలా నేలబారుగా తిరుగుతూ ర్యాకులు మోసుకొచ్చే ఆ యంత్రాలంటే ఆమెకు ముచ్చటే. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. ఏ అట్టపెట్టెలో బెల్లం చెమర్చిందో, ఏది పొడిగా ఉందో ఫోటోలు చూపించి కెమెరాకు నేర్పడం ఆమె పని. ఆమె భయమంతా ఆ ఇద్దరిలో రెండో మనిషి, అప్పలనర్సమ్మ గురించి.

నర్సమ్మది చీడికాడ దగ్గర పల్లె. తండ్రి బెల్లం వండేవాడు. పద్నాలుగో ఏట మార్కెట్ యార్డులో దిమ్మలు సర్దే పనిలో చేరి, నలభై ఏళ్లు అక్కడే గడిపింది. ఆ తర్వాత ఈ గోదాంలో పెట్టెలు చూసే పనికి వచ్చింది. సంతకం రాదు. పెట్టె మూల బొటనవేలితో నొక్కి, లోపల బెల్లం నీరు వదులుతోందనిపిస్తే, కొంగు ముడిలోని డబ్బీ తీసి ఓ సున్నం బొట్టు పెట్టేది. యార్డులో అలవాటు అది. బొట్టున్న సరుకు ముందు అమ్ముడుపోవాలి. గోదాంలో దాన్ని కింది అరకు పంపేవారు.

లావణ్యకు ఒళ్లు మండేది అక్కడే. ఇంజనీర్లు వైజాగ్ నుంచి రాగానే “నర్సమ్మగారెక్కడ?” అనేవారు. మేనేజర్ దేవీప్రసాద్ టీ తెప్పిస్తే మొదటి కప్పు ఆవిడకే. తను రెండేళ్ల పిల్లను అత్తగారి దగ్గర వదిలి, కంప్యూటర్ ముందు కళ్లు ఎర్రబడేలా కూర్చుంటే, ఒక బొటనవేలికి అంత మర్యాదా?

చివరికి జూలైలో, సున్నం వల్ల పెట్టెలు మురికిగా కనిపిస్తున్నాయని మేనేజర్ చెవిలో వేసింది. తన కెమెరా నూటికి తొంభైఆరు సరిగ్గా చెబుతోందని లెక్క కూడా చూపించింది. బొట్లు ఆగిపోయాయి. ఆ పూట ఆమెకు అన్నం రుచిగా అనిపించింది.

నాలుగో రోజుకి పై అరల్లోంచి పాకం కారింది. రోబోలు దారి గుర్తుపట్టే నేల మీది స్టిక్కర్లు జిగురుకట్టాయి. ఎక్కడివక్కడ ఆగిపోయిన రోబోల మీద చీమలు బారులు తీరాయి.

లావణ్య పాత ఫోటోలన్నీ తిరగేసింది. చెమర్చినదని తను గుర్తుపెట్టిన ప్రతి పెట్టె మీదా తెల్లటి బొట్టు ఉంది. నర్సమ్మ పక్కకు పెట్టినవాటినే తెచ్చి, తాకనైనా తాకకుండా ఫోటోలు తీసింది మరి. మూడు నెలలుగా కెమెరా నేర్చుకున్నది బెల్లం గురించి కాదు, సున్నం గురించి. ఇన్నాళ్లూ తను గర్వపడిన ఆ తొంభైఆరూ నర్సమ్మవే.

ఆ సంగతి దాచేద్దామనే అనుకుంది. బుజ్జి గుర్తొచ్చింది. కానీ వానలు ఇంకా రెండు నెలలున్నాయి, పాకం మళ్లీ కారుతుంది. వెళ్లి మేనేజర్‌కు చెప్పేసింది. ఆయన చాలాసేపు చిరాకుపడ్డాడు. మళ్లీ మొదటినుంచీ నేర్పాలంటే ఇద్దరూ కావాలని, ఒకర్నే ఉంచే మాట వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు.

తర్వాత నర్సమ్మ దగ్గరికెళ్లి, చాడీ చెప్పింది తనేనని ఒప్పుకుంది.

“నాకు తెల్దా ఏటి?” అంది నర్సమ్మ, నేల తుడుస్తూనే. “నీ వయసులో నాను మా తోటికోడలి మీద సెప్పేను. దాని సెయ్యి నాకంటే మంచిది మరి.”

లావణ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మరి ఇప్పుడు తనేం చెయ్యాలని అడిగింది. నర్సమ్మ ఆమె బొటనవేలు పట్టుకుని ఓ పెట్టె మూల మీద పెట్టింది.

“ముందు నువ్వు సెయ్యేసి సూడమ్మా. నీకు తెలిసేక ఆ కెమెరాకి సెప్పు.”

ఇప్పుడు లావణ్య ప్రతి పెట్టెనూ నొక్కి చూశాకే ఫోటో తీస్తోంది. నర్సమ్మ ఒక్క నొక్కుకే చెప్పేది తనకు మూడు నొక్కులకు గానీ తెలియడం లేదు. అప్పుడు మాత్రం కడుపులో ఇంకా కొంచెం మండుతుంది.