నీలకేతు రాజెట్లైతడో అడుగనీకి పట్నం పోయినం

నేను, నర్సక్క పట్నం పోయింది ఒక కథ సంగతి అడుగనీకి. ఇది విని మా కామారెడ్డిల నవ్వనోళ్లు లేరు. పెండ్లికి పోతరు, దవాఖానకు పోతరు, జూ చూడనీకి పోతరు. పత్రికల వచ్చే సీరియల్ ఎట్ల ఖతమైతదో అడుగనీకి ఎవరన్న రైలెక్కుతరా? మేమెక్కినం.

మా వాడకట్టు ఆడోళ్లందరం ఒక్క అరుగు మీద కూసోని బీడీలు చుట్టేటోళ్లం. నేను ఏడో తరగతి దాక చదివిన. అందుకే నెలకోసారి వచ్చే పత్రిక నేను చదవాలె, నా వంతు బీడీలు వాళ్లు చుట్టి నా చాటల వేయాలె. రెండేండ్ల సంది గట్లనే నడిచింది. కథేందంటే, ఒక రాణి పగోళ్లకు భయపడి పసిపిల్లగాన్ని గంపల పెట్టి ఏట్ల విడిచి, కోట కిటికీ కాడ నిలబడి చూస్తది. కుమ్మరాయనకు దొరికి ఆయన ఇంట్ల పెరుగుతడు. వాడే నీలకేతు. మాంత్రికుల తోని, రాక్షసుల తోని కొట్లాడి కొట్లాడి కోట దర్వాజ కాడికొచ్చి నిలబడ్డడు. వచ్చే నెలతోని కథ ఖతమని పత్రికల వేసిన్రు.

ఇగ అరుగు మీద ఒకటే లొల్లి. వాడు రాజైతడన్నది అందరికి ఖాయమే. ఎట్లైతడన్నదే పంచాది. పట్టపుటేనుగొచ్చి మెడల దండ వేస్తదని గంగవ్వ అన్నది. "నాలుగు నెలల కింద వాడు నీళ్లు తాగుతుంటే ఏనుగు తొండం ఎత్తలేదా? ఊకెనే రాసిండా గది?" అని ఆమె వాదన. రాజు బిడ్డను చేసుకొని రాజైతడని సాయవ్వ అంటే, "ఛీ, ఆ పిల్ల వానికి చెల్లెలు వరుసైతది" అని అందరు ఆమె మీద పడ్డరు. వాడు కిరీటం వద్దని కుమ్మరింటికే మర్లిపోతడని నేనన్న. నర్సక్కది ఒక్కటే మాట. "తల్లి గుర్తుపడ్తది. మచ్చ చూసేది లేదు, మెడల గొలుసు చూసేది లేదు. నడక చూసి గుర్తుపడ్తది."

రచయితది పాత పట్నంల గౌలిపురా అని, ఆదివారం ఇంట్లనే ఉంటడని పత్రికలమ్మే దుకాణమాయన చెప్పిండు. "పోదాం సుగుణా" అని ముందుగాల అన్నది నర్సక్కనే. పరాష్కమాడుతుందనుకున్న. తెల్లారి ఆదివారం, చూస్తే రొట్టెలు గట్టుకొని మా వాకిట్ల నిలబడ్డది.

పొద్దుగాల ఆరింటికి పాసింజరు దొరికింది. రానుపోను టికెట్లు అప్పుడే తీసుకున్నం. కిటికీ కాడ జాగ దొరికింది గని, పోయేటోళ్లు ఇంజను దిక్కు మొకం పెట్టి కూసోకుండ్రి. బొగ్గు నుసి కండ్లల్ల పడి మాకు మెదక్ జిల్లా సగం కనబడలేదు. ఎదురుంగ గాజుల మలారమాయన కూసున్నడు. ఎందుకు పోతున్నరని అడిగితే చెప్పినం. ఆయన పడి పడి నవ్విండు. జర ఆగి, "వాడు రాజైతే కుమ్మరాయన సంగతేంది మరి?" అని ఆయనే అడిగిండు. వడియారం స్టేషన్ దాక అదే ముచ్చట నడిచింది.

మేడ్చల్‌ల ఇంజను నీళ్లు పట్టుకునేటప్పుడు ఆయన చాయ్‌కి దిగిండు. అప్పుడు నర్సక్క మెల్లగ చెప్పింది.

"సుగుణా, లాల్ దర్వాజల మా పెద్దమ్మ బిడ్డ మణెమ్మక్క ఉంటది. బర్లున్నయి, పాల యాపారం. వాళ్ల యాదగిరి నా కొడుకు."

 ఆమెనే చెప్పుకుంట పోయింది. పెనిమిటి చచ్చిపోయేనాటికి ఆమె మూడోసారి కడుపుతోని ఉన్నది. ఉన్న ఇద్దరికే గంజి లేదు. మణెమ్మకు పిల్లలు కాలేదు. పురుడు వెళ్లంగనే ఎత్తుకపోయింది. ఎన్నడు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది. వాడు చిన్నగున్నప్పుడు ఒకసారి నర్సక్క చూడపోతే మణెమ్మ నీళ్లు గూడ సరిగ ఇయ్యలేదట. మల్ల పోలేదు. ఇప్పుడు వానికి ఇరవై మూడు.

"కథ సంగతి అడిగి, గటు దిక్కు పోయొద్దామా?" అన్నది. పోదామన్న.

పది దాటినంక కాచిగూడల దిగినం. స్టేషన్ బయట ఇరానీ హోటల్ల చాయ్ తాగి బస్సెక్కినం. నయాపూల్ మీద బస్సు మస్తుసేపు ఆగింది. కింద మూసిల నీళ్లు తక్కువ, బర్లు ఎక్కువ. నర్సక్క కిటికీల నుంచి ఆ బర్లనే చూసింది. చార్మినార్ కాడ దిగి రిక్షా మాట్లాడితే రిక్షా ఆయన, "గౌలిపురామే కిస్‌కే ఘర్ అమ్మా?" అన్నడు. కథలు రాసేటాయన అని చెప్పిన. "అచ్ఛా, కిస్సేవాలే సాబ్!" అని సీదా ఇంటి ముందల దింపిండు.

రచయిత ఉత్త బనీనుతోని ఇంట్ల గోడకు సున్నమేస్తున్నడు. ఏదో ఆఫీసుల గుమాస్తానట. కామారెడ్డి నుంచి కథ కోసం వచ్చినమంటే నమ్మలేదు. నమ్మినంక కుంచె పక్కకు పెట్టి, "చాయ్ పెట్టవే, మన నీలకేతు కోసం వచ్చిన్రు" అని భార్యకు కేకేసిండు. గంగవ్వ ఏనుగు సంగతి చెప్పిన. మస్తు సంబరపడ్డడు. "తొండమెత్తిందని నేను రాసిన్నా?" అని నన్నే అడిగిండు. కుమ్మరింటికి మర్లిపోతడన్న నా మాటకు, "గట్లైతే జనం పత్రిక చింపేస్తరక్కా" అని నవ్విండు.

నర్సక్క చాయ్ ముట్టలేదు. "సారూ, తల్లి గుర్తుపడ్తదా?"

"ఏ తల్లి?"

"రాణి సారూ. గంపల పెట్టినామె."

ఆయన మొకంల నవ్వు పోయింది. "నిజం చెప్తున్న అక్కా. ఆమెను మర్చేపోయిన. మొదటి నెల రాసిన, తర్వాత యుద్ధాలు రాయమన్నరు, మాంత్రికులను తెమ్మన్నరు, గట్ల గట్ల పోయింది. ముసలి రాజు సచ్చిపోతడు, మంత్రులందరు కూసోని నీలకేతుకు పట్టం కడ్తరు. గదే ఆఖరు. అచ్చుకు గూడ పోయింది."

"రెండేండ్ల సంది ఆమె కిటికీ కాడనే నిలబడ్డది గద సారూ" అన్నది నర్సక్క.

ఆయన కుంచె మల్ల అందుకున్నడు. పొయ్యేటప్పుడు వాకిలి దాక వచ్చి, "నువ్వైతే ఎట్ల రాస్తవక్కా?" అని అడిగిండు. నర్సక్క చెప్పులేసుకుంట, "నాకు రాయొస్తదా సారూ" అన్నది.

గౌలిపురా నుంచి లాల్ దర్వాజ నడిచే అంత దూరమే. తొవ్వల ఒక అరుగు మీద రొట్టెలు తిన్నం. నర్సక్క సగం రొట్టె ఆవుకు పెట్టింది. రెండు దాటినంక మణెమ్మ ఇల్లు చేరినం. దొడ్డి నిండ బర్లు, కుడితి వాసన. మణెమ్మ మనిషి భారీగున్నది. నర్సక్కను చూసి మొకంల రంగు మారింది గని, "రా చెల్లె" అని చాప వేసింది. పాలు గూడ ఇచ్చింది. అప్పుడే బకెట్ పట్టుకొని పొడుగాటి పిల్లగాడు దొడ్లెకొచ్చిండు.

"ఎవరమ్మా?"

"మన కామారెడ్డి నర్సవ్వ. నీకు చిన్నమ్మ అయితది" అన్నది మణెమ్మ.

"బాగున్నవా చిన్నమ్మా?" అని బర్రె కింద కూసున్నడు. పొదుగు కడుక్కుంట, ఏం పని మీద వచ్చిన్రని అడిగిండు. కథ కోసమంటే వాడు గూడ నవ్విండు. "గదేం కథ, జర చెప్పు. పాలు పిండినంత సేపు వింట."

నర్సక్క వాని పక్కన బండ మీద కూసోని మొదటి సంది చెప్పింది. గంప, ఏరు, కుమ్మరాయన, మాంత్రికులు, కోట దర్వాజ, ఒక్కటి మర్వలేదు. నేను చదివిన దానికంటే మంచిగ చెప్పింది. మణెమ్మ గడ్డి వేసుకుంట అటే తిరిగింది. లోపలికి పోలేదు.

"ఆఖరుకు ఏమైంది? తల్లి గుర్తుపట్టిందా?" అన్నడు యాదగిరి.

"పట్టింది బిడ్డా" అన్నది నర్సక్క. "దర్వాజల వాడు నడుసుకుంట వస్తుంటే మీదికెల్లి చూసి గుర్తుపట్టింది. గని చెప్పలేదు. చెప్తే పెంచిన తల్లి ఏమైపోవాలె? వాడు రాజైండు. ఆమె చూసింది. గంతే."

వాడు పాల బకెట్ ఎత్తుకొని లేచిండు. "ఛ, గదేం కథ చిన్నమ్మా. చెప్పాలె గద. వాడెట్ల అనుకుంటడో వాన్ని అడగాలె గద."

నర్సక్క నోరు తెరిచింది. నేను చూసిన. పెదవులు కదిలినయి.

"పాలకు ఆలస్యమైతుంది, పో" అన్నది మణెమ్మ.

యాదగిరి క్యాన్లు సైకిల్‌కు తగిలించి, "బహదూర్‌పురా దాక పోయొస్త. ఉండుండ్రి చిన్నమ్మా, మిమ్ముల స్టేషన్ కాడ నేనే దింపుత" అని గంట కొట్టుకుంట గల్లీ మలుపు తిరిగిండు. వాడు కనబడకుంట అయ్యేదాక నర్సక్క వాకిట్లనే నిలబడ్డది.

"మీ బండి టైమైతలేదా చెల్లె?" అన్నది మణెమ్మ. గొంతుల కోపం లేదు. భయమున్నది. నర్సక్క ఆమె దిక్కు చూసి, "అవునక్కా, అయితుంది" అని సంచి అందుకున్నది. బండికి ఇంకా రెండు గంటలున్నది. నేను గూడ చెప్పులేసుకున్న.

సాయంత్రం ఆరింటి బండికి కాచిగూడల జాగ సుల్వగనే దొరికింది. బొల్లారం దాక నర్సక్క కిటికీల నుంచే చూసుకుంట వచ్చింది. తర్వాత, "వాడే అన్నడు గద, చెప్పాలె అని. నువ్విన్నవు గద" అన్నది. విన్న అన్న. "ఉండుండ్రి అని గూడ అన్నడు." అవునన్న. 

పట్నం పొయ్యేటోళ్లకు నేను చెప్పేదొకటే. చార్మినార్ చూడుండ్రి, ఇరానీ చాయ్ తాగుండ్రి, గౌలిపురాల ఎవరినడిగినా తొవ్వ చెప్తరు. గని రానుపోను టికెట్ ఒక్కసారే తీసుకోకుండ్రి. చేతుల టికెట్ ఉంటే మనిషికి లేచే సాకు దొరుకుతది.

మనోహరాబాద్ కాడ ఒకామె పిల్లను ఎత్తుకొని ఎక్కి మా పక్కన కూసున్నది. పిల్లకు పాలిచ్చుకుంట, "పట్నం నుంచా? అక్కడ మీకెవరున్నరమ్మా?" అని అడిగింది.

నర్సక్క కొంగు సదురుకున్నది.

"మా అక్క కొడుకున్నడు" అన్నది.