మూడో తరగతి పలకలు

మొన్న విజయనగరంలో మా మనవరాలి బడివాళ్ళు పెద్దలను రమ్మంటే, కోడలికి తీరిక లేక నేను వెళ్ళాను. లెక్కల టీచరు ఒక రెండో తరగతి పాపను ముందుకు పిలిచి, ఈ పాపకు లెక్కలు చాలా బాగా వస్తున్నాయని నాలుగో తరగతి పుస్తకం ఇచ్చి, రోజూ ఒక గంట విడిగా కూర్చోబెట్టి చెబుతున్నామండీ అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టానో లేదో నాకు గుర్తు లేదు.

నా మొదటి ఉద్యోగం నౌపడ దగ్గర ఒక ఊళ్ళో. ఒకటే గది, ఐదు తరగతులు, టీచరును నేనొక్కర్తినే. ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఒక తరగతికి ఎక్కం చెబుతుంటే మరో తరగతి జుట్లు పట్టుకునేది. సాయంత్రానికి గొంతు పోయేది. నేను అద్దెకున్న ఇంటి ముందు కొట్టు నడిపే ఆవిడ జాలిపడి మిరియాల పాలు పంపేది, మా నాన్నగారు చర్చిలో నా గొంతు కోసం ప్రార్థన చేయించేవారు.

ఆ ఊళ్ళో ఉప్పు మడుల్లో పనిచేసే ఒకాయన కూతురు రెండో తరగతిలో ఉండేది. బోర్డు మీద లెక్క వేసి నేను ఇటు తిరిగేసరికి జవాబు చెప్పేసేది. పక్కన నాలుగో తరగతికి చెప్పే భాగహారాలు చెవిన పడితే చాలు, వాటినీ నోటితోనే చేసేది. నా ట్రంకు పెట్టెలో మా అన్నయ్య హైస్కూలు లెక్కల పుస్తకం ఉండేది, దాన్ని తెచ్చి ఈ పిల్లకు చెబుదామని అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చి మూడో తరగతి పలకలు దిద్దమన్నాను. పిల్లకది గౌరవమనుకున్నాను కానీ, ఉన్నమాట చెప్పాలంటే నాకు ఊపిరి సలిపింది. తోటివాళ్ళు చిన్న టీచరమ్మ అంటుంటే తల్లి మురిసిపోయేది. తన లెక్క కాగానే లేవడం, పక్కవాళ్ళ పలక తీసుకుని తప్పు చెరిపి సరిచేసి ఇవ్వడం, మూడేళ్ళపాటు ఆ పిల్ల చదువంతా ఇదే.

ఐదో తరగతిలో ఉండగా సర్కారు హాస్టలు బడికి ప్రవేశ పరీక్ష పడింది. సీటు వస్తే పదో తరగతి దాకా తిండీ బట్టా చదువూ వాళ్ళదే. రాకపోతే తల్లి వెంట ఉప్పు మడులకే, ఎందుకంటే ఐదు దాటి చదివిన ఆడపిల్ల ఆ ఊళ్ళో అప్పటికి లేదు. ఆ పరీక్ష ఐదో తరగతివాళ్ళకే, అదీ ఒక్కసారే. "మా గుంటకేటొస్తాదో మాకేటి తెలుస్తాది, మీరే తీసుకెల్లండి టీచరమ్మా" అంది తల్లి.

టెక్కలి తీసుకెళ్ళాను. అరగంటైనా కాకముందే పిల్లను రెక్క పట్టుకుని బయటికి తెచ్చారు. తన కాగితం పూర్తిచేసి, లేచి, పక్కమ్మాయి కాగితం తీసుకుని అందులో తప్పు కొట్టేసి సరిచేస్తోందట. కాపీ కింద రాసి పరీక్ష రద్దు చేశారు. కాపీ కాదండీ, బడిలో అలవాటు అన్నాను. ఇలాంటి అలవాటు ఎవరు చేశారమ్మా అని అడిగాడు పరీక్ష పెట్టిన పెద్దమనిషి. నేనేనని చెప్పలేకపోయాను. మొదటి ఉద్యోగం, పైవాళ్ళకు రాస్తారేమోనని భయం. చెప్పి ఉంటే మళ్ళీ కూర్చోనిచ్చేవారేమో.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్ల అడిగింది. "ఆ పిల్ల తీసివేత తప్పు సేసింది టీచరమ్మా. సూసి ఊరుకోమంటారేటి?" నాకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. కిటికీలోంచి తెల్లటి ఉప్పు కుప్పలు కనిపిస్తుంటే చూస్తూ కూర్చున్నాను.

సోమవారం ఆ పిల్ల ఎప్పటిలాగే బడికి వచ్చింది. ఒకటో తరగతిలో ఎవరో ఏడుస్తున్నారు, రెండో తరగతివాళ్ళు గోల చేస్తున్నారు. నేను మూడో తరగతి పలకలు ఆమె ముందు పెట్టాను. ఆమె దిద్దింది.

ఇప్పుడు గదికో టీచరు, పలకలు అసలే లేవు, పిల్లలో ఏముందో కనిపెట్టి చెప్పేవాళ్ళున్నారు. మన రోజులే బాగుండేవని మన తరం వాళ్ళం నలుగురం కలిస్తే అంటుంటాం, నేనూ తల ఊపుతాను. ఆ పిల్లకు ఇప్పుడు యాభై దగ్గరపడి ఉంటుంది. రైలెక్కితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆమె సంగతి ఏమైందని ఇంతవరకు నేను ఎవరినీ అడగలేదు.