మూడో గీతలో ఒక మీటరు

1996. ఆనేకల్ దాటాక, రాగి చేల మధ్య లేఅవుట్ల రాళ్లు లేస్తున్న కాలం. నేను బెంగళూరులో ప్రైవేటు సర్వేయర్‌ని. మాది అనంతపురం జిల్లాలో ఒకప్పుడు పేరున్న ఇల్లు. నా వంతుకు ఆ పేరు తప్ప ఏమీ రాలేదు. దాన్ని మాత్రం నలగకుండా ఉంచుకున్నానని చాలాకాలం అనుకున్నాను.

ఒక లేఅవుట్ ప్రమోటరుకీ, అతని భూమికి ఆనుకుని ఇల్లున్న, మా జిల్లా నుంచే వలస వచ్చిన కుటుంబానికి చెందిన చౌడప్ప అనే నేతగాడికీ హద్దు తగాదా వచ్చింది. మధ్యలో ఉండాల్సిన హద్దురాయి ఎప్పుడో మాయమైంది. చౌడప్ప ఇంటి ఈశాన్యపు గోడ వెంబడి గుంత మగ్గం ఉండేది. అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. దాన్ని పక్కకు జరపడానికి ఆ ఇంట్లో జాగా లేదు. ఆ గోడ ఉంటే అతనికి తిండి ఉంటుంది. తగాదా అంతా దాని గురించే. హద్దు తేల్చమని ఇద్దరూ కలిసి నన్ను పిలిచారు.

కొలతకు వెళ్లిన పొద్దున మా స్టీలు టేపు మొదటి మీటరు దగ్గర తెగింది. పక్క ఆఫీసుకు వెళ్లి టేపు అడుక్కోవడం నాకు చేతకాదు. తెగిన టేపుతో పని చేసే పద్ధతి మా వృత్తిలో ఉంది. ఒకటో మీటరు గీత దగ్గర పట్టుకుని, చివరి అంకెలోంచి ఒకటి తీసేయాలి. ముప్పై మీటర్ల టేపు పూర్తిగా పరిస్తే ఇరవైతొమ్మిది అని రాయాలి. పట్టిన ప్రతిసారీ ఆ ఒకటి తీయాలి. అంతే.

రెండు స్థలాలనూ చుట్టి, ఆరు గీతలుగా ట్రావర్స్ నడిపాం. ట్రావర్స్ అంటే ఒక రాయి దగ్గర బయల్దేరి, ప్రతి గీత పొడవునూ, ఉత్తరం నుంచి అది ఎన్ని డిగ్రీలు తిరిగిందో ఆ బేరింగునూ రాసుకుంటూ అదే రాయికి తిరిగి రావడం. తర్వాత కాగితం మీద ప్రతి గీతనూ రెండు భాగాలు చేస్తాం. పొడవును కొసైన్‌తో గుణిస్తే ఎంత ఉత్తరానికి పోయామో, సైన్‌తో గుణిస్తే ఎంత తూర్పుకు పోయామో తెలుస్తుంది. దక్షిణం, పడమర అయితే మైనస్. బయల్దేరిన చోటికే వచ్చాం గనుక రెండు వరుసల మొత్తాలూ సున్నా కావాలి. కాకుండా మిగిలేదాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటారు.

నాకు ఉత్తరానికి ఎనభై సెంటీమీటర్లు, తూర్పుకు అరవై మిగిలాయి.

టేపు పట్టే మునియప్ప నాకంటే పదేళ్లు పెద్ద. నేను లెక్క వేసిన షీటు మీదికి వంగి చూశాడు.

"సార్, మూడో గీతలో టేపు రెండుసార్లు పరిసినాం. రెండుసార్లూ ఒకటి తీసినామా?"

"తీశాను."

"ఒక్క గీతే గదా సార్. పోయి పట్టేసి వద్దాం. బస్సు చార్జీ నాదే."

"నేను కొలిచిన చేను రెండోసారి కొలవను, మునియప్పా."

అతను బీడీ తీసుకుని బయటికి పోయాడు.

చిన్న ఎర్రర్ అయితే గీతల పొడవును బట్టి అన్నిటికీ పంచేయవచ్చు. అది ఒప్పుకున్న పద్ధతే. నేను ఆ పెద్ద ఎర్రర్‌ని కూడా అలాగే పంచాను. మొత్తాలు సున్నా అయ్యాయి. పటం చక్కగా మూసుకుంది. ఆ పటంలో చౌడప్ప గోడ ప్రమోటరు భూమిలోకి దాదాపు ఒక మూర చొచ్చుకుపోయి ఉంది.

పటం చూపించిన రోజు చౌడప్ప భార్య రత్నమ్మ గడపలోనే నిలబడింది.

"ముప్పై ఏండ్లుగా కదలని ఇల్లు మీ కాగితంలో ఎట్ల నడిచినాదప్పా? దానికేమన్నా కాళ్లుండాయా?"

"నువ్వు ఊరుకోమే," అన్నాడు చౌడప్ప. నా వైపు తిరిగాడు. "మీ తాతగారికి మా తాత పంచెలు నేసినాడంట అయ్యా. ఆ ఇంటి మనిషి తప్పు కొలుస్తాడా? ఏడ పెట్టల్ల సంతకం?"

నాకు ఆ మాట ఎంత నచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. చోటు చూపించాను. పెట్టాడు.

నాలుగు నెలల తర్వాత ప్రమోటరు తన సైట్లకు రాళ్లు పాతించడానికి నన్నే పిలిచాడు. అప్పటికి కొత్త టేపు కొన్నాను. మూడో గీత మీద పరిచాం. అప్పట్లో కొలతలు రాసుకున్న ఫీల్డ్ బుక్‌లో నలభైఎనిమిది మీటర్ల నలభై సెంటీమీటర్లు. నేల మీద నలభైఏడు నలభై. మొదటి పట్టుకు ఇరవైతొమ్మిది రాయాల్సిన చోట అలవాటు కొద్దీ ముప్పై రాశాను. మునియప్ప టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. అతని వెనక చౌడప్ప గోడ ఉండాల్సిన చోట ప్రమోటరు కాంపౌండు గోడ ఉంది.

ఇంటికి వెళ్లాను. మగ్గం గుంతను మట్టితో పూడ్చేశారు. అందులో సగం కాంపౌండు గోడ కిందికి పోయింది. మగ్గం చెక్కలు విప్పి అటక మీద కట్టారు. చౌడప్ప ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో వాచ్‌మన్‌గా చేరి, ఆ యూనిఫాం చొక్కాలోనే కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. తప్పు నాదేనని రాసిస్తానన్నాను.

"రాసీండి అయ్యా. దాన్ని ఏడ తగిలించేది? గోడ లేదే." అటక వైపు చూశాడు. "మూరే గదా అనుకోవద్దండి. మూరల లెక్కన బతికినోణ్ణి నేను."

రత్నమ్మ నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

రాసిచ్చాను. "ఇద్దరూ సంతకాలు పెట్టారు గదా సార్," అన్నాడు ప్రమోటరు. కోర్టుకు పోదాం, సాక్షిగా నేనొస్తానంటే, డ్యూటీకి సెలవు ఇవ్వరని చెప్పాడు చౌడప్ప. ఆ గోడ మళ్లీ లేవలేదు. ఆ మగ్గం మళ్లీ ఆడలేదు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. ఎర్రర్‌ని పంచే ముందు అది ఎటు చూస్తోందో చూడండి. మిగిలిన రెండు భాగాలనూ తిరిగి కలిపితే దానికీ ఒక పొడవు, ఒక దిక్కు వస్తాయి. ఎనభై ఉత్తరం, అరవై తూర్పు కలిస్తే సరిగ్గా ఒక మీటరు. తెగిన ముక్క పొడవు అంతే. దాని బేరింగు ముప్పైఏడు డిగ్రీలు. ఆరు గీతల్లో ముప్పైఏడు డిగ్రీలున్నది మూడోది ఒక్కటే.

షీటు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ రెండు మొత్తాలూ నా చేతిరాతలో, అడుగున గీత గీసి ఉన్నాయి. ఆ రోజు వాటిని కలిపి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టేది కాదు.