డోలు సిపాయి

కొవ్వూరు రేవులో పడవ కోసం కూర్చుని, నేను పోగుచేసిన సీసపు సిపాయి బొమ్మలను లెక్కపెట్టుకుంటున్నాను. పదకొండుమంది సిపాయిలు, ఒక గుర్రపు దొర. పన్నెండో సిపాయి, డోలు వాయించేవాడు, ఎన్నాళ్లు వెతికినా దొరకలేదు. పక్కనున్న పెద్దమనిషి తన సంచిలోంచి సరిగ్గా అలాంటివాణ్ణే తీశాడు.

“మీ దొరను నాకిచ్చి వీణ్ణి పట్టుకెళ్లండి” అన్నాడు.

కొలబద్ద పెట్టి చూశాను. ఎత్తులో వెంట్రుకవాసి తేడా లేదు. గుండీలు ఎనిమిదీ ఉన్నాయి.

“గోటితో గీకి కూడా చూసుకోండి బాబూ. మొహమాటం దేనికి?”

“అబ్బే, అంత మాటెందుకండి” అని దొరను ఇచ్చేశాను.

ఇంటికొచ్చి ఎండ తగిలే కిటికీలో అందరినీ వరుసగా నిలబెట్టాను. మధ్యాహ్నానికి డోలువాడి తల మెత్తబడి గుండెల మీదికి వాలిపోయింది. ఆ పెద్దమనిషి విరిగిన మెడకు లక్కతో తల అతికించి రంగు పూశాడన్నమాట.

దొర పోయినందుకు కాదు నా బాధ. గీకి చూడమని అతడే చెప్పాడు, నేను గీకనని తెలిసి.